రెండు నీలాలు

బర్న్‌లీలో నవంబరు మంగళవారం, మూడో పీరియడు.
ల్యాబు వెనక, హీటరు పనిచెయ్యని గదిలో
తొమ్మిదో తరగతికి సామాను సర్దుతున్నాను.
గంజినీళ్ళు. అయోడిన్ చుక్కల సీసా.
గుంటలున్న తెల్ల పళ్ళేలు.
పదహారు స్టాప్‌వాచీలు, పదమూడే నడుస్తాయి.
డబ్బాలో అమైలేజు, శనగపిండి రంగు పొడి.

అన్నం ముద్ద మింగకుండా నములుతూ పోతే
కాసేపటికి తియ్యగా తగులుతుందే,
ఆ తీపి దీని చేతి పని.
పూర్వం ఈ బళ్ళో పిల్లల ఉమ్మే వాడేవారట,
ఇప్పుడు రూలు ఒప్పుకోదు.

ఎంత పొడి కలపాలో పుస్తకంలో ఉంది.
నా చెయ్యి చెంచాడు ఎక్కువే వేస్తుంది,
పనివాళ్ళు పెరిగితే పని తొందరగా తెములుతుంది.
పీరియడు యాభై నిమిషాలే,
ఎంజైముకి గంట వినబడదు.

నాలుగు బీకర్లు: ఐసుది, కుళాయి నీళ్ళది,
ఒంటివేడిది, సలసల మరిగేది.
అర నిమిషానికో చుక్క.
గంజి ఉన్నంతసేపూ నీలం,
గంజి అయిపోతే టీ డికాషను రంగు.

సఫియా చెయ్యెత్తింది:
గంజి రెట్టింపు పోస్తే వేగం రెట్టింపవుతుందా సార్?
ఎంట్విజిల్ గారు గెడ్డం గోక్కున్నారు.
భోజనాల హాల్లో బెరిల్ ఒక్కతే వడ్డిస్తుంటే
పదిమందున్న వరుస ముప్ఫైమంది అయితే
ఆవిడ చెయ్యి ఖాళీ లేకుండా ఆడుతుంది.
మూడొందలమంది అయితే మాత్రం?
ఆవిడ గరిటె ఒక్కటే.
అయితే ఇంకో బెరిల్ కావాలి, అంది సఫియా.
ఆయన బోర్డు మీద అదే రాశారు.

వెనక బెంచీలో డెక్లన్ ఊరుకోడు కదా,
పక్కవాడి గొట్టంలో వెనిగర్ ఒంపాడు.
పులుపు తగిలి పాలు విరిగినట్టు
లోపలి మడతలు చెదిరాయి, పని ఆగింది.
అదే పులుపులో, మన పొట్టలో,
దీని చుట్టం ఒకటి హాయిగా కాపురం చేస్తోంది.
ఒకరి పథ్యం ఒకరికి విషం.

నాలుగో నిమిషంలో ఫైర్ అలారం.
పిల్లలంతా తుంపరలో, కోట్లు లేకుండా.
ఎవరో టోస్టు మాడ్చారట, స్టాఫు గదిలో.
తిరిగొచ్చేసరికి
ఒంటివేడి గొట్టం ఎవరి కోసమూ ఆగలేదు,
కుళాయినీళ్ళది నెమ్మదిగా దాని వెంట నడుస్తోంది.
మిగతా రెండూ నీలమే.
డెక్లన్ పుస్తకంలో రాసుకున్నాడు:
ఐసుది చచ్చింది. మరిగింది చచ్చింది.
గంట కొట్టారు.

అందరూ వెళ్ళాక కడగడానికి కూర్చున్నాను.
రెండు గొట్టాలు, రెండూ ఒకేలా.
పారబొయ్యాలి నిజానికి.
ఎందుకో స్వెట్టరు లోపలికి దోపాను,
ఐసుది ఎడమ చంకలో, మరిగింది కుడి చంకలో.
ఐసుది ఒళ్ళు జివ్వుమనిపించింది.
పిల్లకోడి పొదిగినట్టు, యాభైరెండేళ్ళ నేను,
సింకు ముందు ముప్ఫై గొట్టాలు కడిగాను,
రేడియోలో ట్రాఫిక్ వార్తలు విన్నాను.

తర్వాత చెరో చుక్కా తీసి అయోడిన్ వేశాను.
కుడిదాంట్లో మళ్ళీ అదే నీలం.
ఉడికిన గుడ్డును ఎంత పొదిగినా
కోడిపిల్ల లేవదు.
ఎడమదాంట్లో
నీలం లేదు. డికాషను రంగు.
చలికి కాళ్ళు ముడుచుకు పడుకుందంతే,
పనిముట్టు పోగొట్టుకోలేదు.

పిల్లల పుస్తకాల్లో ఎర్రసిరా వెయ్యడం నా ఉద్యోగం కాదు.
అందుకని ఆ పళ్ళేన్ని డెక్లన్ బెంచీ మీద పెట్టి,
ఎడమ గుంట పక్కన: ఐసుది. చంకలో ముప్పావుగంట.
కుడి గుంట పక్కన: మరిగింది. అంతే సేపు.
అని చీటీలు అంటించాను.

తలుపు దాకా వచ్చి మళ్ళీ వెనక్కెళ్ళాను.
సాయంత్రం ఊడ్చే మొరీన్‌కి చేతులు ఊరుకోవు.
మూడో చీటీ, పెద్ద అక్షరాల్లో:
కడగొద్దు.